పర్లాకిమిడిలో మన వివరాలు ఎక్కడి నుంచి పోతున్నాయి, వీపీఎన్ కొనాలా వద్దా

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. పక్కింటి మామయ్యగారి ఖాతాలోంచి ఓటీపీ కూడా రాకుండా డబ్బులు పోయాయి, ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకిచ్చే సుభద్ర పథకం డబ్బుల కోసం అమ్మ ఆధార్ జిరాక్సులు ఎక్కడెక్కడో ఇచ్చేసింది, చెల్లి డిగ్రీలో చేరింది తన ఫొటోలు ఎవడైనా ఏమైనా చేస్తాడేమో అని భయం, ఫ్రెండేమో వీపీఎన్ (మనం చూసే సైట్లు నెట్ కంపెనీకి కనపడకుండా చేసే యాప్) కొనుక్కో అన్నీ సెట్ అయిపోతాయి అంటున్నాడు, ఇంకా చెల్లి ఫోన్లో తనకి తెలీకుండా ట్రాకింగ్ యాప్ ఒకటి వేద్దామా అని కూడా అడిగావు. ఒక్కోటీ చెప్తా, పెద్దదే అవుద్ది, ఓపిగ్గా చదువు.

నేను ఇప్పుడు బరంపురంలో ఆఫీసులకి నెట్‌వర్క్ పనులు చేస్తన్నా, అంతకుముందు చాన్నాళ్ళు గుణుపురంలో నెట్ సెంటర్ కౌంటర్ వెనక కూర్చున్నా. ఆ కౌంటర్ వెనక నుంచి చూసినోడిగా చెప్తన్నా, మన ఒడిశా-ఆంధ్రా బోర్డర్ ఊళ్ళల్లో జనం వివరాలు హ్యాకర్ల వల్ల పోయేది చాలా తక్కువ. పోయేది జిరాక్స్ షాపులో, సిమ్ షాపులో, వేలిముద్ర మెషీన్ దగ్గర, "ఈ మెసేజ్ ఏటో కాస్త చూడు బాబూ" అని ఫోన్ ఇచ్చేసిన చోట. అక్కడ వీపీఎన్ ఏమీ చెయ్యలేదు.

ముందు మామయ్యగారి సంగతి, ఎందుకంటే ఇదే అన్నిటికన్నా పెద్దది. సీఎస్‌పీ, అంటే బ్యాంకు తరఫున ఊళ్ళో డబ్బులిచ్చే కౌంటర్, దగ్గర వేలిముద్ర పెట్టి డబ్బులు తీస్తారు కదా, దానికి కావలసింది మూడే, ఆధార్ నంబర్, ఏ బ్యాంకో పేరు, వేలిముద్ర. ఏటీఎం కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ అస్సలు రాదు. ఆధార్ నంబర్ జిరాక్సుల్లో దొరికేస్తది, వేలిముద్ర ఎలా దొరుకుద్ది అంటావేమో, భూమి రిజిస్ట్రేషన్ కాయితాల మీద వేసిన ముద్ర స్కాన్ అయి ఆన్‌లైన్లో ఉంటే చాలు. 2018లో తెలంగాణలో పెద్దపల్లి వైపు సిమ్ డీలర్ ఒకడు అలాగే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఉన్న దస్తావేజుల నుంచి ముద్రలు తీసి, రబ్బరు స్టాంపు తయారు చేసే పద్ధతిలోనే నకిలీ వేళ్ళు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేసేశాడు, టార్గెట్ కోసం. తర్వాత దేశంలో చాలాచోట్ల అదే పద్ధతి ఖాతాల మీద వాడారు.

ఇంకోటి దీనికన్నా చిన్నది, కానీ ఎక్కువగా జరిగేది. పెద్దాయన వేలు పెడతాడు, "సర్వర్ లేదు తాతా, మళ్ళీ పెట్టు" అంటాడు, మళ్ళీ పెడతాడు, "ఈరోజు అవ్వదు రేపు రా" అంటాడు, అవతల డబ్బులు డ్రా అయిపోయి ఉంటాయి. అందుకే ఫెయిల్ అయినా స్లిప్ అడగాలి, ఇవ్వను అంటే అక్కడి నుంచే బ్యాంకు మిస్డ్ కాల్ నంబర్‌కి కొట్టి బ్యాలెన్స్ చూసుకోవాలి, చూసుకున్నాకే గుమ్మం దిగాలి. మామయ్యగారికి ఇది చెప్పు.

దీనికి గట్టి మందు ఆధార్ బయోమెట్రిక్ లాక్. ఎంఆధార్ యాప్‌లో గానీ మైఆధార్ సైట్‌లో గానీ ఓటీపీతో లాగిన్ అయ్యి బయోమెట్రిక్ లాక్ పెట్టేస్తే ఇంక ఎవడి దగ్గర నకిలీ వేలు ఉన్నా మెషీన్ ఒప్పుకోదు. ఓటీపీ పనులు మాత్రం మామూలుగానే అవుతాయి. మనకి అవసరమైనప్పుడు కొద్ది నిమిషాలు తెరుచుకోవచ్చు, దానంతట అదే మళ్ళీ లాక్ పడిపోద్ది. ఇక్కడ ఒక చిక్కుంది, లాక్ పెడితే ఫేస్ కేవైసీ కూడా ఆగుద్ది, రేషన్ బియ్యానికి వేలు పెట్టేటప్పుడు కూడా ఆగుద్ది. కాబట్టి ఇంట్లో ఎవరు రేషన్‌కి వెళ్తారో వాళ్ళని వదిలేసి మిగతా అందరికీ పెట్టేయ్, లేదా వాళ్ళకీ పెట్టి, బియ్యం తెచ్చుకునే రోజు నువ్వే తెరిచి పెట్టు. ఫోన్ సరిగ్గా వాడటం రాని అమ్మమ్మకి లాక్ పెట్టేసి నువ్వు చెన్నై వెళ్ళిపోతే ఆవిడకి బియ్యం ఆగిపోద్ది, అది చూసుకో. అలాగే అదే సైట్లో ఆథెంటికేషన్ హిస్టరీ అని ఉంటది, గత ఆరు నెలల్లో మన ఆధార్ ఎప్పుడు, ఏ సంస్థ, వేలిముద్రతోనా ఓటీపీతోనా వాడింది అన్నీ చూపిస్తది. ఈ ఆదివారం ఇంట్లో అందరిదీ ఒకసారి తీసి చూడు, మనం వెళ్ళని తేదీ ఏదైనా కనపడితే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చెయ్యి.

డబ్బులు ఆల్రెడీ పోయాయి కాబట్టి మామయ్యగారు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, బ్యాంకులో రాసి ఇచ్చి రిసీవ్డ్ అని స్టాంపు వేయించుకోవాలి. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడో మనిషి వల్ల పోయినదాన్ని, బ్యాంకు నుంచి సమాచారం వచ్చాక మూడు పని దినాల్లోపు చెప్తే ఖాతాదారుకి నష్టం ఉండకూడదని రిజర్వ్ బ్యాంక్ 2017 జులైలోనే సర్క్యులర్ ఇచ్చింది. చాలా బ్రాంచిల్లో ఇది వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, మనమే సర్క్యులర్ పేరెత్తి అడగాలి.

ఇప్పుడు అమ్మ ఆధార్ జిరాక్సులు. సుభద్ర 2024 సెప్టెంబర్‌లో మొదలైనప్పుడు ప్రతి నెట్ సెంటర్ ముందూ లైన్లే, 21 నుంచి 60 ఏళ్ళ లోపు ఆడవాళ్ళు, ఏడాదికి 10,000 రెండు విడతల్లో వస్తాయంటే ఎవరు మాత్రం ఆగుతారు. ఆ హడావిడిలో ఏం జరిగిందంటే, ఆధార్, పాస్‌బుక్, ఫోన్ నంబర్, ఫొటో, నాలుగూ ఒకే కట్టగా షాపు కంప్యూటర్లో ఉండిపోయాయి. ఎవరో దొంగిలించక్కర్లేదు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే చాలు. నీకు ఒక మాట చెప్తా, నెట్ నుంచి దింపే ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా సేఫ్ అనుకుంటారు, ఆ పాస్‌వర్డ్ ఏటి, పేరులో మొదటి నాలుగు ఇంగ్లీష్ పెద్ద అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. అది ఊళ్ళో అందరికీ తెలిసిందే, ఆ ఫైల్ మిగిలిపోతే తాళం కప్పకే తాళంచెవి వేలాడదీసినట్టే. కాబట్టి షాపులో దింపించుకుంటే ప్రింట్ అవ్వగానే "అన్నా ఆ ఫైల్ డిలీట్ చెయ్యి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసెయ్యి" అని నిలబడి అడుగు. మంచి షాపోడు ఏమీ అనుకోడు, నేనైతే అడిగిన వాళ్ళని మెచ్చుకునేవాణ్ణి. వాట్సాప్‌లో షాపు నంబర్‌కి పంపి తర్వాత డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టినా వాళ్ళ కంప్యూటర్లో దిగిన కాపీ పోదు, అది గుర్తుంచుకో.

దీనికన్నా మేలు, ఇంట్లో ఫోన్లోనే మాస్క్‌డ్ ఆధార్ దింపుకో, అందులో చివరి నాలుగు అంకెలే కనపడతాయి, మిగతావి కొట్టేసి ఉంటాయి. లాడ్జి రూమ్‌కి, ట్రైన్‌లో చూపించడానికి, చాలా చిన్న పనులకి అది సరిపోద్ది. పూర్తి నంబర్ ఇవ్వక తప్పదు అన్నచోట జిరాక్స్ మీద అడ్డంగా పెన్నుతో "ఫలానా పనికి మాత్రమే" అని, తేదీ, సంతకం రాసెయ్, అక్షరాలు ఫొటో మీదకి వచ్చేలా రాయి. అలా రాసిన కాయితాన్ని ఇంకో సిమ్‌కి వాడటం కష్టం. ఇంకా సుభద్ర డబ్బులు ఆగిపోయాయి ఈ లింక్ నొక్కండి అని వచ్చేవి అమ్మ నొక్కకుండా చూడు, ఫారమ్‌కి ప్రభుత్వం డబ్బులు తీసుకోదు, కేవైసీ కోసం వాట్సాప్‌లో యాప్ ఫైల్ పంపదు.

ఈ యాప్ ఫైళ్ళ గురించి గట్టిగా చెప్పాలి. పెళ్ళి కార్డు అని, బండి చలానా అని, పీఎం కిసాన్ లిస్టు అని వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ వస్తది, అదీ తెలిసిన మనిషి నంబర్ నుంచే వస్తది, ఎందుకంటే ముందు ఆ మనిషి ఫోనే ఆ దొంగల గుప్పిట్లోకి పోయింది. నొక్కితే ఎస్ఎంఎస్ పర్మిషన్ అడుగుద్ది, ఇచ్చావంటే మన ఓటీపీలు మనకన్నా ముందు వాడు చదువుతాడు. పెళ్ళి కార్డు ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తది, ఇన్‌స్టాల్ అని అడిగితే అది కార్డు కాదు. ఇంట్లో ప్రతి ఫోన్లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అని వెతికి వాట్సాప్‌కీ క్రోమ్‌కీ ఫైల్ మేనేజర్‌కీ ఆఫ్ చేసెయ్. యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడిగే యాప్ ఏదైనా సరే, అది స్క్రీన్ మీద ఉన్నదంతా చదవగలదు, మన బదులు బటన్లు కూడా నొక్కగలదు, చూపు సరిగా లేనివాళ్ళ కోసం పెట్టిన సౌకర్యం అది, లోన్ యాప్‌కి దానితో పనేముంది.

లోన్ యాప్ అంటే గుర్తొచ్చింది. మన గంజాం వైపు నుంచి సూరత్, ఇటు నుంచి హైదరాబాద్, చెన్నై వెళ్ళి పని చేసే కుర్రాళ్ళు నెలాఖర్లో ఐదు వేలకి వీటిలో ఇరుక్కుంటారు, ఆలస్యం అయ్యేసరికి ఊళ్ళో అత్తకీ మేనమామకీ ఫోన్లు వెళ్తాయి, ఫొటోలు మార్చి పంపుతారు. కాంటాక్ట్స్, ఫైళ్ళు, కాల్ లాగ్ ముట్టుకోకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబర్‌లో రూల్ పెట్టింది, 2023 నుంచి ప్లే స్టోర్ కూడా లోన్ యాప్‌లకి కాంటాక్ట్స్, ఫొటోలు చదవడం నిషేధించింది. కాబట్టి అప్పు ఇచ్చే యాప్ కాంటాక్ట్స్ అడిగిందంటే అది దొంగ యాప్, ఇంకేం ఆలోచించక్కర్లేదు.

మనకి ప్రత్యేకంగా ఉన్న కష్టం రెండు రాష్ట్రాల మధ్య బతుకు. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలో పాతపట్నం, అటు ఒక సిమ్ ఇటు ఒక సిమ్. ఎప్పుడో పాతపట్నంలో కొన్న నంబర్ బ్యాంకుకీ ఆధార్‌కీ ఇచ్చి ఉంటారు, తర్వాత ఇక్కడ ఆఫర్ బాగుందని వేరే సిమ్ తీసుకుని పాతది రీచార్జ్ మానేస్తారు. మూడు నెలలు అలా పడి ఉంటే కంపెనీ ఆ నంబర్ ఆపేసి తర్వాత ఇంకెవరికో ఇచ్చేస్తది, ఇంక మీ అమ్మ బ్యాంకు ఓటీపీ ఎవరో తెలీని మనిషికి వెళ్తది. నంబర్ వదిలేముందు ఆధార్‌లో, బ్యాంకులో, గ్యాస్‌లో, జీమెయిల్‌లో మార్చుకోవాలి, ఆ తర్వాతే వదలాలి. ఇంకా సంచార్ సాథీ అనే ప్రభుత్వ సైట్లో మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడొచ్చు. మనిషికి తొమ్మిది వరకు అనుమతి ఉంది కాబట్టి సిమ్ షాపులో "ఫొటో సరిగా రాలేదు ఇంకోసారి" అని మన పేరు మీద రెండో సిమ్ తీసేసుకున్నా మనకి తెలీదు. మనది కానిది కనపడితే అక్కడే నాట్ మై నంబర్ అని కొట్టొచ్చు.

మన రెండో కష్టం చదువు సంగతి. మన పెద్దవాళ్ళు ఒడియా గడగడా మాట్లాడతారు కానీ ఒడియా లిపి చదవలేరు, మెసేజ్‌లేమో ఒడియాలోనో ఇంగ్లీష్‌లోనో వస్తాయి. అందుకే ఫోన్ ఎవరో ఒకరి చేతికి వెళ్ళిపోద్ది. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. నువ్వు చెయ్యగలిగింది, గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2020 నుంచి ఒడియా ఉంది, అమ్మకి మెసేజ్ కాపీ చేసి తెలుగులో వినడం నేర్పు, ఓటీపీ, ఖాతా నంబర్ ఉన్నవి మాత్రం అందులో వెయ్యొద్దని చెప్పు. అంకెలు అమ్మకి వచ్చు కదా, "ఆరంకెలు ఉన్న మెసేజ్ వస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి" అని ఒక్క మాట పెట్టుకోండి ఇంట్లో. లాక్ పడిన స్క్రీన్ మీద మెసేజ్ కనపడకుండా నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లో ఆపేయ్. కాల్స్ ఇంకెక్కడికైనా మళ్ళుతున్నాయేమో *#21# కొట్టి చూడు, అనుమానం వస్తే ##002# కొడితే అన్ని ఫార్వర్డింగ్‌లూ పోతాయి. ఇంకో మాట, భూలేఖ్ అనే ఒడిశా భూమి రికార్డుల సైట్లో మన పొలం ఖాతా, ప్లాటు వివరాలు ఎవరైనా చూడొచ్చు, కాబట్టి ఫోన్ చేసినోడు మీ నాన్న పేరు, పొలం వివరం కరెక్ట్‌గా చెప్పాడని ఆఫీసు మనిషి అనుకోకండి.

చెల్లి విషయం. ముందు వాట్సాప్‌లో డీపీ, స్టేటస్, లాస్ట్ సీన్ మై కాంటాక్ట్స్ అని పెట్టుకోమను, గ్రూపుల్లో ఎవరు చేర్చొచ్చు అన్నది కూడా అలాగే, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి ఆరంకెల పిన్ తనే పెట్టుకోవాలి. లింక్‌డ్ డివైసెస్ వారానికోసారి చూసుకోవాలి, ఎవరో రెండు నిమిషాలు ఫోన్ అడిగి తీసుకుని క్యూఆర్ స్కాన్ చేసుకుపోతే చాట్‌లన్నీ అక్కడ కనపడుతూనే ఉంటాయి, కాలేజీ పిల్లల దగ్గర ఇది ఎక్కువగా జరుగుద్ది. చాట్‌లు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటాయి గానీ గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్‌కి ఎన్‌క్రిప్షన్ విడిగా ఆన్ చెయ్యాలి, చాలామంది చెయ్యరు. ఇన్‌స్టా ప్రైవేట్‌లో పెట్టి, తెలీని ఫాలోయర్లని తీసేయమను.

అయినా ఎవడైనా ఫొటో మార్చి బెదిరిస్తే ఏం చెయ్యాలో ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ టైమ్‌లో బుర్ర పని చెయ్యదు. డబ్బులు ఇవ్వకూడదు, ఇస్తే ఇంకా అడుగుతాడు. చాట్ డిలీట్ చెయ్యకూడదు, స్క్రీన్‌షాట్, నంబర్, ప్రొఫైల్ లింక్ అన్నీ తీసిపెట్టుకోవాలి. స్టాప్ ఎన్‌సీఐఐ అని ఒక సైట్ ఉంది, 18 దాటినవాళ్ళ కోసం, ఫొటో అప్‌లోడ్ అవ్వదు, మన ఫోన్లోనే దానికి ఒక గుర్తు నంబర్ తయారవుద్ది, ఆ నంబర్ మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటి వాటికి వెళ్తది, ఆ ఫొటో అక్కడ పెడితే పట్టుకుంటారు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఆడవాళ్ళ కోసం విడిగా కంప్లయింట్ ఉంది, పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. ఒకరి ఆంతరంగిక ఫొటో అనుమతి లేకుండా తీసినా పంపినా ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ళ వరకు జైలు. ఇంకా మన బోర్డర్‌లో "వాడు అటువైపోడు, ఆంధ్రాలో ఇచ్చుకోండి" అని పోలీసులు తిప్పి పంపుతారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, అదే బీఎన్ఎస్ఎస్, 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా తీసుకోవాలి, జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆ సెక్షన్ నంబర్ చెల్లికి కూడా చెప్పి ఉంచు.

వీపీఎన్ గురించి ఇప్పుడు. అది చేసేది ఏటంటే, నువ్వు ఏ సైట్‌కి వెళ్తున్నావో మన నెట్ కంపెనీకీ రైల్వే స్టేషన్లో వైఫైకీ కనపడకుండా చేసి, ఆ కనపడటం వీపీఎన్ కంపెనీకి ఇస్తది. అంటే నమ్మకం ఒకరి దగ్గర నుంచి ఇంకొకరికి మారింది, అంతే. ఫ్రీ వాటికి డబ్బులు ఎక్కడి నుంచి వస్తాయో ఆలోచించు, వాటి జోలికి అస్సలు పోకు. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు ఐదేళ్ళు దాచాలని ఆదేశం ఇచ్చింది, అప్పుడు పేరున్న కంపెనీలు కొన్ని ఇండియాలో సర్వర్లే తీసేశాయి. బ్యాంకు సైట్లు ఎలాగూ హెచ్‌టీటీపీఎస్‌లోనే ఉంటాయి, లోపల ఏం టైప్ చేశామో దారిలో ఎవరికీ కనపడదు. ఇన్‌కాగ్నిటో కూడా అంతే, ఆ ఫోన్లో హిస్టరీ మిగలదు, బయట ఎవరికీ దాచదు. నెట్ సెంటర్‌లో కూర్చుంటే మాత్రం ఇన్‌కాగ్నిటోలోనే తెరిచి, లాగౌట్ చేసి లేవాలి. గూగుల్ అకౌంట్‌లో యాక్టివిటీ మూడు నెలలకి ఆటో డిలీట్ పెట్టుకో, టైమ్‌లైన్ ఆపు, ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ కొట్టు, యాప్‌లకి లొకేషన్ వాడేటప్పుడు మాత్రమే అని పెట్టు. ఇవన్నీ ఉచితం, వీపీఎన్ కన్నా ఎక్కువ ఉపయోగం.

చివరిది, చెల్లి ఫోన్లో ట్రాకింగ్ యాప్. వద్దు తమ్ముడూ, అస్సలు వద్దు. నువ్వు ప్రేమతోనే అడుగుతున్నావని తెలుసు. కానీ 2017 ఆగస్ట్ 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కు అన్నారు, అందులో చెల్లి కూడా ఉంది. పైగా ఆ యాప్‌లు తన మెసేజ్‌లు, ఫొటోలు, లొకేషన్ తీసుకెళ్ళి ఎక్కడో తెలీని కంపెనీ సర్వర్‌లో పెడతాయి, ఏ ఫొటోల గురించి నువ్వు భయపడుతున్నావో వాటినే నీ చేత్తో బయటకి పంపినట్టు అవుద్ది. ఇంకో విషయం, తనకి అది తెలిసిందనుకో, రేపు నిజంగా ఎవడైనా బెదిరిస్తే తను నీ దగ్గరకి రాదు, ఒక్కర్తే లోపల కుమిలిపోద్ది, బెదిరించేవాడికి కావలసింది అదే. పైన చెప్పినవన్నీ తన పక్కన కూర్చుని తన చేతే పెట్టించు, స్క్రీన్ లాక్ తనే మార్చుకోనీ, నువ్వు అడక్కు. "ఏం జరిగినా నిన్ను తిట్టం, ఫోన్ లాక్కోం" అని అమ్మా నాన్నా చేత కూడా చెప్పించు. ఒకవేళ ఆ యాప్ ఇప్పటికే వేసేసి ఉంటే తనకి చెప్పి తన ముందే తీసెయ్. మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ అవ్వకపోతే సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ అని ఉంటది, అక్కడ ఆఫ్ చేసి, యాక్సెసిబిలిటీలో కూడా ఆఫ్ చేస్తే అప్పుడు పోద్ది, పోయాక తన జీమెయిల్ పాస్‌వర్డ్ తనే మార్చుకోవాలి.